పూటకు శేరు ఉలవగుగ్గిళ్లు

అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్టు వింటే మా వీధిలో నవ్వుతారు. నల్లమలలో ఎలుగుబంటికి బీడీ ముట్టించానని పదేళ్లు నమ్మించినవాణ్ణి మరి. నవ్వితే నవ్వండి.

మైదుకూరు దగ్గర మా బామ్మర్ది గుండ్లెత్తేవాడు. తిరునాళ్లలో రాతిగుండును భుజానికెత్తి వెనక్కి వేస్తే జనం ఈలలు. ఆ వీడియోలు ఫోన్లో తీసి పెట్టేది నేనే. ఉత్త గుండును ఎవరు చూస్తారని కథ తగిలించాను: "మావోడు మందులు, మాంసాలు ముట్టడప్పా. పూటకు శేరు ఉలవగుగ్గిళ్లు, అంతే." ఎక్కడెక్కడివాళ్లో చూశారు.

చూసినవాళ్లు ఊరుకోరు కదా. "ఇంగ పెద్ద గుండు యాడుండాది?" "ముసిలోడైనాడు, ఉలవలు చాల్లేదేమో!" అని కింద రాసేవారు. అన్నం చల్లారిపోతున్నా వాడు అవే చదివేవాడు. తర్వాత చొక్కా లేని ఒక మొనగాడి వీడియోలు మరిగాడు. ఆ మొనగాడు అమ్మే సూదిమందు పార్సిల్లో వచ్చింది. మూడు నెలల్లో వాడి మెడ కోడెగిత్త మెడయింది. నాకు తెలుసు. తెలిసే, గుగ్గిళ్లు తింటున్నట్టు వీడియో తీశాను.

ఒకనాటి పొద్దున గుండు నడుము దాకా లేచి జారింది. వాడు దాని పక్కనే కూలబడ్డాడు. ఒళ్లు ఉబ్బి, మూత్రం ఆగిపోతే కర్నూలు ఆసుపత్రిలో చేర్చాం.

డాక్టరమ్మ నన్నడిగింది: "ఏం మందు వాడినాడు? అది తెలిస్తేనే కిడ్నీలు కాపాడే దారి దొరుకుతుంది."

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, చెప్పొద్దు. జనాలు దొంగోడంటారు. నీ కథే చెప్పు, నువ్వు చెప్తే ఎవరైనా నమ్ముతారు."

మా ఆవిడ మంచం అవతలి నుంచి నన్నే చూస్తోంది. "నీకేందో తెలుసు. జన్మలో ఒక్క నిజం చెప్పయ్యా, నా తమ్ముని కోసం."

చెప్పాను. సూదిమందు, పార్సిల్, ఎన్నాళ్ల నుంచో, అంతా చెప్పాను.

ఇప్పుడు వారానికి రెండుసార్లు వాడి రక్తాన్ని మిషన్ కడుగుతుంది. ఆ గుగ్గిళ్ల వీడియో తీసేద్దామంటే తీయనివ్వడు, మిషన్ పక్కన పడుకుని అదే చూస్తాడు. నిన్న దాని కింద ఎవరో అడిగారు: "అన్నా, ఉలవలు నానబెట్టాల్నా, పచ్చివే తినాల్నా?"

ఒట్టు వేశాను కనుక ఒప్పుకోవాలి. ఒక్కచోటే కల్పించాను. ఆ రోజు నేను నిజం చెప్పలేదు. ఉలవగుగ్గిళ్లనే చెప్పాను, శేరుతో సహా. డాక్టరమ్మ రాసుకుంది కూడా. మూడో రోజు మా ఆవిడ ఉలవల డబ్బా అడుగున సూదిమందు ఖాళీ సీసాలు వెతికి డాక్టరమ్మకు పట్టుకొచ్చింది.