సబ్సిడీ జాబితా ఆలస్యంగా నడుచుచున్నది

కాగితం మీద నాలుగు అక్షరాలు కనబడితే మామయ్య ఊరుకోలేడు. పైకి చదవాలి, అదీ వీధి చివరి దాకా వినబడేలా చదవాలి. ముప్పై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక మైకు అక్కడే ఉండిపోయింది, గొంతు మాత్రం ఇంటికొచ్చేసింది.

మందు సీసా, పక్కింటి కరెంటు బిల్లు, దేన్నీ వదలడు. "పెళ్లికి ముందు నేను రాసిన ఉత్తరం కూడా గుమ్మంలో నిలబడి చదివారు," అని అత్తయ్య ఇప్పటికీ మూతి తిప్పుతుంది.

అన్నిటికన్నా ఆయనకు ప్రీతి, వ్యవసాయ ఆఫీసు గోడకు అతికించే సబ్సిడీ జాబితా. ఏ రైతుకు ప్రభుత్వ డబ్బు ఎంత వెళుతోందో అందరికీ తెలియాలని ఆఫీసువాళ్లు అతికిస్తారు. మామయ్య నోట పడ్డాక ఇక తెలియనివాళ్లంటూ ఉండరు. "వరుస నంబరు ఏడు, కోళ్ల షెడ్డు, అరవై వేలు, బ్యాంకు వైపు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది!"

పైగా దారిలో కనబడిన ప్రతి రైతునూ ఆపి, "నీకెంత రావాలోయ్?" అని ఆరా. ఈ ఆరాకు సిగ్గుతో చచ్చిపోయేది మేనకోడలు. ఆ జాబితా టైపు చేసేది ఆమే. ఇంట్లో పళ్లొస్తున్న పసివాడు, కంటికి కునుకు లేదు, చేస్తున్నది తాత్కాలిక ఉద్యోగం. పోయిన నెల ఒక తప్పు దొర్లితే ఆఫీసరు, "ఇంకొక్కటి చేశారంటే కొత్తవాళ్లను చూసుకుంటాం," అన్నాడు.

సోమవారం కొత్త జాబితా అతికించి ఆమె కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చుందో లేదో, బయట మామయ్య మొదలెట్టాడు. పన్నెండు నంబర్లు గడగడా సాగిపోయాయి. "వరుస నంబరు పదమూడు, తేనెటీగల పెట్టెలు..." అని ఆగిపోయాడు.

"ఆగావేం పెద్దాయనా? తర్వాత నేనే!" అన్నాడు ట్రాక్టరు కొన్న రైతు. ముక్కు మీద కోపం మనిషి.

మామయ్య కిటికీలోకి తల దూర్చాడు. ఆయన గుసగుసలాడటం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"అమ్మాయ్, తేనెటీగలావిడకు రావాల్సింది పన్నెండు వేలు. కాగితంలో మూడు లక్షలని పడింది. అది ట్రాక్టరాయనది."

ఆమె టైపు చేసిన జాబితా తెరిచి చూసింది. తేనెటీగలావిడ పేరు ఆఖరి నిమిషంలో మధ్యలో ఇరికించింది. పేరైతే ఇరికించింది కానీ, పక్క గడిలో డబ్బు ఇరికించలేదు. అక్కణ్ణించి ప్రతివాళ్ల డబ్బూ ఒక మెట్టు పైకెక్కి కూర్చుంది.

"మీకెలా తెలుసు మామయ్యా?"

"అందరినీ అడిగేది మరెందుకనుకున్నావ్? రావాల్సిందెంతో తెలీకుండా పడింది చదివితే ఏం లాభం? నువ్వు దిద్దుకో, నేను చూసుకుంటా."

జాబితాకు వీపు ఆనించి నిలబడ్డాడు. "రైతు సోదరులకు గమనిక! పదమూడో నంబరు నుంచి జాబితా అరగంట ఆలస్యంగా నడుచుచున్నది! కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము!"

"ముందు పక్కకు జరుగు, మేమే చదువుకుంటాం!"

"నడుస్తున్న జాబితా ఎక్కరాదు!"

అరగంటకు ఆమె కొత్త కాగితం తెచ్చి అతికించింది. కింద, 'పాత జాబితాలో తప్పు జరిగింది, సవరించినది' అని రాసి, గుండ్రటి అక్షరాలతో తన పేరు పెట్టింది. గోల విని ఆఫీసరు కూడా గుమ్మంలోకి వచ్చాడు. మామయ్య చివరి నంబరు దాకా దంచేసి, 'సవరించినది' దగ్గర గొంతు తగ్గించాడు.

"ఇక్కడ సిరా అలుక్కుపోయినట్టుంది, కనబడ్డం లేదు."

చుక్క సిరా కూడా అలుక్కుపోలేదు. ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. "అక్కడున్నది నా పేరే సార్. తప్పు నాదే. డబ్బు ఇంకా బ్యాంకుకు వెళ్లలేదు."

ఆఫీసరు జాబితా వంక, ఆమె ఎర్రబడిన కళ్ల వంక, ఇంకా గోడకు కాపలా కాస్తున్న మామయ్య వంక చూశాడు. "రేపట్నుంచి అతికించే ముందే ఈయనకు వినిపించండి," అని గొణిగాడు.

మామయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "'రేపట్నుంచి' అన్నారు కదా సార్? ఇంకొంచెం గట్టిగా! వెనక ప్లాట్‌ఫారానికి వినబడలేదు!"