గేటు ముందు రెండు వెదురు బొంగులు

నాకో వెదురు సైకిల్ ఉంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నా మొహం చూస్తారు, తర్వాత నా పొట్ట చూస్తారు, ఆ తర్వాత "విరగదా?" అని అడుగుతారు. విరగదు. మూడేళ్లుగా తొక్కుతున్నాను, నేనే కొంచెం అరిగాను తప్ప దానికేం కాలేదు. చక్రాలు, చైను, గేర్లు అన్నీ మామూలు రోడ్డు సైకిల్‌వే. గొట్టాలుండాల్సిన చోట వెదురు బొంగులుంటాయి, అంతే తేడా. కలిసే చోటల్లా జనపనార చుట్టి, ఎపాక్సీ జిగురు పట్టించి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఎవరో చేతికర్రలన్నీ కలిపి కట్టుకుని పోతున్నట్టుంటుందని మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఆయన అన్నాడు. ఆయనకు నేనంటే కుళ్లు.

నేను కరీంనగర్‌లో బాటనీ చెప్తాను. వెదురు చెట్టు కాదర్రా, గడ్డి జాతి అని ఇరవయ్యేళ్లుగా చెప్పీ చెప్పీ దాని గురించి నాకు తెలియనిది లేదన్న పొగరు పట్టుకుంది. ఇంట్లో ఉండేది ఇద్దరమే, అవ్వా నేనూ. అవ్వంటే మా అమ్మ. బాపు నా చిన్నప్పుడే పోయాడు. నేను పెళ్లి చేసుకోలేదు, అందుకే ఇలాంటి సరదాలకు అడ్డం చెప్పేవాళ్లు లేరనుకున్నాను.

ఫ్రేము చేసినాయన ఆదిలాబాద్ ఊరి చివర ఉంటాడు. తాతల నాటి నుంచి బుట్టలూ చాటలూ అల్లిన మేదరి ఇల్లు. ప్లాస్టిక్ చాటలొచ్చాక పని తగ్గిపోయి, ఎక్కడికో వెళ్లి ఈ పని నేర్చుకొచ్చాడు. నేను వెళ్లగానే కొలత తీసుకోవడానికి టేపు తీస్తాడనుకున్నాను. ఆయన వెదురు బద్ద ఒకటి చీల్చి, నా కాలి పొడవునా ఆనించి, గోటితో గీత గీశాడు. నా చేతులకు ఇంకో బద్ద. రెండూ చూరులో దోపి, అయిపోయిందన్నాడు.

తర్వాత పెరట్లోకి తీసుకెళ్లి పొద చూపించాడు. లోపల గుల్ల దాదాపు లేని గట్టి వెదురు.

"కోసి నీడకు మూడు నెల్లు ఎండబెట్టాలె సార్. ఎండినంక నేనే కబురు పెడ్త" అన్నాడు.

ఇక్కడే నా చదువు అడ్డొచ్చింది. వెదురు ఎండబెట్టడం నాకు తెలియదా? మా ఇంట్లో మెట్ల కింద చక్కటి నీడ ఉంది, గాలి కూడా తగులుతుంది. బొంగులు నాకిచ్చెయ్, రోజూ చూసుకుంటూ నేనే ఎండబెడతానన్నాను. ఆయన "మీ మర్జీ" అని ఎనిమిదేసి అడుగుల బొంగులు రెండు కోశాడు. వెనక చక్రం దగ్గరికని సన్నటి ముక్కలు కూడా ఓ ఏడు కోశాడు. అన్నిటినీ కలిపి గడ్డి తాడుతో మోపు కట్టాడు.

అంత పొడుగు మోపును బస్సులో ఎక్కించరు. కరీంనగర్‌కు ఖాళీగా పోతున్న ట్రాలీ దొరికితే దాంట్లో వేశాం. మా ఇంటి గుర్తులు చెప్పి, గేటు దగ్గర దించిపోతే చాలన్నాను. మేదరాయన మాత్రం మోపు వైపు చూసి తల గోక్కున్నాడు.

"పచ్చి బొంగులు సార్. ఉత్తగ గిట్ల ఇంటికి పంపద్దు. మీరు గూడ ఎంబడి పోండ్రి."

"ఏం ఫికర్ లేదు, బస్సులో వెనకే వస్తా" అన్నాను. ట్రాలీలో ముందు సీటు ఇరుకు, డ్రైవర్ బీడీలు తాగుతాడు. నేను బస్సెక్కాను.

ఎక్కినవాణ్ణి తిన్నగా ఇంటికి పోవచ్చు. మంచిర్యాలలో దిగాను. అక్కడ నాతో చదువుకున్నవాడొకడున్నాడు. ఆ రోజు వాళ్లింట్లో మటన్. తిన్నాక వాడు కూలర్ వేశాడు. కాసేపు నడుం వాలుద్దామనుకుంటే మూడు గంటలు నిద్రపోయాను. లేచేసరికి ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, పగలూ లేదు.

కరీంనగర్‌లో మా వీధి మలుపు తిరిగేసరికి మా గేటు ముందు చెప్పులు కుప్పగా కనిపించాయి. లోపల ఓ ఇరవై మంది ఆడవాళ్లు. పరుగెత్తుకెళ్తే, మధ్యలో కుర్చీలో మా అవ్వ నిక్షేపంలా కూర్చుని ఉంది. గేటు పక్కన నా మోపు పడి ఉంది.

బొంగులు నా సైకిల్ కోసమని చెప్పాక, ఏం జరిగిందో ఎదురింటి పెద్దమ్మ చెప్పింది. మా దగ్గర పచ్చి వెదురు బొంగులు రెండు పొడుగువి, కొన్ని పొట్టివి, గడ్డి తాడుతో సహా ఒక ఇంటి ముందు దిగాయంటే ఎవరూ ఏమీ అడగరు. పాడె కట్టడానికే. ఆ ఇంట్లో డెబ్బై దాటిన మనిషి ఉంటే ఇక అనుమానమే లేదు. పెద్దమ్మ బజారు నుంచి వస్తూ మోపు చూసింది. సంచి అక్కడే పడేసి, గుండెలు బాదుకుంటూ లోపలికెళ్లి, ఎదురొచ్చిన అవ్వను పట్టుకుని అవ్వ కోసమే ఏడ్చింది. ఆ ఏడుపు విని వీధి వీధంతా వచ్చింది. ఒకాయన పూలదండ కూడా తెచ్చాడు. వెనక్కి తీసుకుపోవడం బాగుండదని మా గేటుకే తగిలించి వెళ్లాడు.

"మీ అవ్వకు నూరేండ్ల ఆయుష్షు తమ్మీ! ఎవ్వలు ఏడుస్తరో, ఎవ్వలు ఏడ్వరో బతికుండంగనే సూసుకున్నది" అంది పెద్దమ్మ. అందరూ పగలబడి నవ్వారు, నేను కూడా.

అవ్వ నవ్వలేదు. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, భుజం దాకా తడిమి, వదిలేసింది.

"గవ్వి నా ఇంట్ల పెట్టద్దు. సైకిలే చేపిస్తవో, ఇమానమే చేపిస్తవో, గీ గడప లోపటికి రావద్దు" అంది. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

మోపును కాలేజీ స్టోరు రూముకు మోసుకెళ్లి అక్కడే ఎండబెట్టాను. ఎండాక మేదరాయనకు చేరిస్తే సైకిల్ తయారైంది. దాన్ని కూడా అక్కడే పెట్టాల్సి వచ్చింది. ప్రతి ఆదివారం స్కూటర్ మీద కాలేజీకి పోయి, స్కూటర్ పెట్టి సైకిల్ తీసేవాణ్ణి. వాచ్‌మన్ నన్ను చూసి జాలిపడేవాడు.

కానీ ఎక్కాక ఆ సుఖం వేరు. గ్రానైట్ లారీలు చెడగొట్టిన రోడ్డు మీద కూడా వెదురు సగం కుదుపు తానే మింగేస్తుంది. మంథని వైపు పోతుంటే ఆరబోసిన వడ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ పోవాలి. టీ బండి దగ్గర ఆపితే చాలు, కచేరీ మొదలు. "పెట్రోల్ పిరమైందని గింత దాక అచ్చిండ్రా సార్?" అని ఒకాయన. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే కార్మికుడొకడు ఏమీ అడగకుండా కూర్చుని, జనపనార చుట్లు వేలితో తడిమి చూసి, "పనిమంతుడే సుట్టిండు" అన్నాడు. ఆ మాట మేదరాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన మళ్లీ చెప్పమన్నాడు.

ఇంట్లో మాత్రం అవ్వ ఆ సైకిల్ పేరెత్తేది కాదు. నేను తిరిగొచ్చేదాకా తినకుండా వాకిట్లో కూర్చునేది. నాకు చిరాకేసేది. బియ్యం చెరిగే చాట వెదురే, పెళ్లికూతుర్ని తెచ్చే గంప వెదురే, వాటికి లేని దోషం నా సైకిల్‌కే వచ్చిందా అని పాఠం చెప్పాను. తను చాటలో బియ్యం చెరుగుతూ విన్నది, రాళ్లు ఏరి పక్కన పెట్టింది, అంతే. చావంటే భయపడుతోందని తేల్చుకున్నాను. ఆ పాడె కథను ఊరంతా చెప్పుకుని నవ్వించాను. స్టాఫ్ రూములో నేను చెప్పేసరికి పూలదండలు నాలుగయ్యాయి.

మొన్న వానాకాలంలో ఇంగ్లీషు సార్ మా ఇంటికొచ్చాడు. నా సైకిల్ ఒకసారి తొక్కిచూడాలని ఆయనకు కోరిక, అడగడానికి మొహమాటం. అవ్వ టీ ఇచ్చింది. ఆయన మాటల్లో మాటగా, "బొంగులొచ్చిన్నాడు నీ కోసమే అనుకొని బుగులైందా అవ్వా?" అన్నాడు. ఆయనకన్నా ముందు నేనే నవ్వాను.

"నా కోసమని ఎందుకనుకుంట సారూ?" అంది అవ్వ. "నాకైతే ఈడే తేవాలె గదా, ఉన్నొక్క కొడుకు. బొంగులచ్చినయి, ఈడు రాలే. పగటాల్లకు అస్తనన్నోడు పొద్దూకినా రాలే. ఫోన్ కలుస్తలేదు. ముందుగాల కట్టెలు పంపిండ్రు, ఎనుక పిలగాన్ని తెస్తున్నరనుకున్న. మంది అంత అచ్చి నన్ను పట్టుకొని ఏడుస్తుంటే, ఈళ్లకు ఎర్కయింది, నాకు చెప్తలేరనుకున్న."

ఇంగ్లీషు సార్ గ్లాసు కింద పెట్టాడు. నేను "ఛార్జింగ్ లేకుండె అవ్వా" అన్నాను. మూడేళ్ల తర్వాత చెప్పడానికి నాకు ఆ ఒక్క ముక్కే దొరికింది.

అవ్వ ఖాళీ గ్లాసులు తీసుకుంటూ, "తెచ్చుకో, ఇంట్లనే పెట్టుకో. గని అది ముందుగాల అచ్చుడు, నువ్వు ఎనుక అచ్చుడు వద్దు. దాని మీద కూసోనే రా" అంది.

ఆ సాయంత్రమే తొక్కుకుంటూ వచ్చాను. అవ్వ గేటు బార్లా తెరిచి నిలబడింది. ఇప్పుడు సైకిల్ మెట్ల కింద ఉంటుంది. నేనెక్కడి దాకా పోయినా అక్కడి నుంచి ఫోన్ చేస్తాను. తను అడిగినవన్నీ చెప్తాను. కానీ తను ఆ మధ్యాహ్నమంతా నా శవం కోసం గేటు వైపు చూస్తూ కూర్చున్నప్పుడు, నేను మంచిర్యాలలో కడుపునిండా తిని నిద్రపోతున్నానని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.