పటం వెనకాల సీరియల్

పోయిన వారం, నేను నడిపిన పత్రిక పాత సంచికలను బైండు చేయించడానికి తీసుకుపోతే, ఆ దుకాణంలో ఉడుకుతున్న మైదాపిండి జిగురు వాసన తగిలి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. నలభై ఏళ్లు పత్రికల్లో పనిచేసినదానికి సిరా వాసన గుర్తుండాలి గాని, నాకు మాత్రం ఈ జిగురు వాసనతోనే జడ్చర్ల దగ్గరి మా ఊరు, మా గొర్రెల మంద, మా అవ్వ, ఆమె మొండితనం అన్నీ కళ్ల ముందుకు వస్తాయి.

మా ఊరికి వారపత్రిక ఒక్కటే వచ్చేది. మహబూబ్‌నగర్ నుంచి బస్సులో బడిపంతులు పేర వచ్చి, ఆయన చదివాక ఇల్లిల్లూ తిరిగేది. ఆ తిరుగుడులో దర్జీ రవికె బొమ్మలు కత్తిరించుకునేవాడు, ఒకామె వంటల పేజీ చింపుకునేది, పిల్లలు పొడుపుకథలు పీక్కుపోయేవాళ్లు, ఊరి చివర ఉన్న మా ఇంటికి చేరేసరికి ఎవరికీ అక్కరలేని సంపాదకుడి ఉత్తరం మిగిలేది. నేను సంపాదకురాలినయ్యానంటే నా గొప్పేమీ లేదు, చిన్నప్పుడు నాకు దక్కిన పేజీ అది. సీరియల్ కూడా మిగిలేది, ఎందుకంటే దాన్ని ముట్టొద్దని అవ్వ ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చేది.

పొద్దుగూకే వేళ, జొన్నరొట్టెలు కాలే వాసన, పుంటికూర పులుపు, తడిసిన గొంగళ్ల వాసన కలిసిపోయిన మా వాకిట్లో, అవ్వ కదురుతో ఉన్ని వడుకుతుంటే నేను పక్కన కూర్చుని చదివేదాన్ని. అలిగి వెళ్లిపోయిన కూతురి కోసం గడపలో కూర్చుని ఎదురుచూసే తల్లి కథ అది. అవ్వకు ఆ కథ మీద అంత మమకారం ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ చిన్న కూతురు, మా చిన్నత్త, అవ్వతో మాటామాటా అనుకుని, మొగుడి వెంట హాలియా దిక్కు కాలువ పనికి పోయి రెండేళ్లయింది, మళ్లీ రాలేదు. నాకు అష్టాచెమ్మా నేర్పిన చిన్నత్త లేక ఇల్లు బోసిపోయింది. పోయి పిల్చుకురమ్మని బాపు ఎంత చెప్పినా అవ్వ వినేది కాదు.

"తప్పు దానిది. అదే రావాలె."

తీరా సీరియల్ ఆఖరి వారం ఆ పేజీ మాయమైంది. దాని వెనక రంగుల లక్ష్మీదేవి బొమ్మ పడిందట, పక్కింటి రత్నమ్మ దాన్ని పటం కట్టించుకుంది. అవ్వ ఉన్నపళాన లేచి వెళ్లింది.

"పూజల పెట్టిన పటాన్ని ఇప్పుడు ఇప్పుతరా అవ్వా? దసరాకు సున్నమేసేటప్పుడు దించుత, గప్పటి దాంక ఆగు," అంది రత్నమ్మ.

వానలు పడ్డాయి, మక్క కంకులు కాల్చుకుని తిన్నాం, తంగేడు పూసింది. అవ్వ మాత్రం రోజూ గోడ మీదుగా "సున్నం ఎన్నడేస్తవే రత్నమ్మా?" అని అడుగుతూనే ఉంది. చివరికి ఆమె పోరు పడలేక రత్నమ్మ వారం ముందే సున్నం తడిపింది. పటం దించి మేకులు పీకితే, అదృష్టం, అంచులకే మైదాపిండి జిగురు పూశారు, అక్షరాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

చదువుతూ చదువుతూ కళ్లతో ముందుకు పోయాను. తల్లి గడపలోనే ప్రాణం విడిచింది, కూతురు తెల్లారి వచ్చింది. నా భుజం మీదుగా చూస్తున్న రత్నమ్మ నా జబ్బ గిల్లి, ముగింపు మార్చి చదవమని కళ్లతో సైగ చేసింది. నాకూ అదే అనిపించింది. కాని అవ్వ రెప్ప వేయకుండా నా మొహమే చూస్తుంటే అబద్ధం చెప్పే ధైర్యం చాలక, ఉన్నదున్నట్టు చదివేశాను.

అవ్వ కోపంగా అంది. "గా తల్లికి కాళ్లు లేవా? గన్ని దినాలు గడపల కూసునే బదులు బస్సెక్కి పోవద్దా?"

"మరి నువ్వు పోయినవా?" అంది రత్నమ్మ మెల్లగా.

అవ్వ లేచి ఇంటికి వచ్చింది. తెల్లారి రొట్టెలు, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు మూటగట్టుకుని, కొత్త గొంగడి భుజాన వేసుకుని మొదటి బస్సెక్కింది. నాలుగు రోజులకు చిన్నత్తను వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. మూట ఎవరు మోయాలని బస్సు దిగుతూనే ఇద్దరూ మళ్లీ కొట్లాడుకుంటున్నారు. ఆ కొట్లాట విని నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ వారపత్రిక ఇప్పుడు లేదు, నేను నడిపిన పత్రికా ఆగిపోయింది. కథలన్నీ ఫోనుల్లోకి వచ్చాయి, పేజీ చింపేవాళ్లూ లేరు, చిరిగిన పేజీ కోసం నెలలు కాచుకునేవాళ్లూ లేరు. నా బల్ల మీదికి మెచ్చుకుంటూ, తిడుతూ సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చేవి గాని, ముగింపు నచ్చక బస్సెక్కి పోయి మార్చుకొచ్చిన పాఠకురాలు మా అవ్వ తర్వాత నాకు ఒక్కరు కూడా దొరకలేదు.