దొరువులో ఉప్పు

మా చేను ఇందుకూరుపేటకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర్లో ఉండేది. అంతా ఇసుక నేల. అక్కడ నడుము లోతు గుంట తవ్వితే చాలు, తియ్యటి నీళ్లు ఊరేవి. ఆ గుంటను దొరువు అంటాం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఆయనా నేనూ చెరో రెండు కుండలతో దొరువులోకి దిగి మిరప మొక్కలకు నీళ్లు మోసేవాళ్లం. అరెకరం తడిపేసరికి చేతులు పడిపోయేవి.

అరవయ్యో దశకం మొదట్లో ఆయన దొరువును బాగా లోతు చేయించి ఆయిల్ ఇంజను పెట్టించాడు. అరెకరం తోట మూడెకరాలయింది. రెండేళ్లలో పూరింటికి పెంకులు వేసుకున్నాం.

మూడో ఏడు మాఘమాసంలో ఒకరోజు కందిపప్పు ఎంతసేపటికీ ఉడకలేదు. నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు తగిలింది. ఆయనతో చెప్పాను.

"ఎండలు ముదురుతుండాయి, అంతే. ఎవురితో అనబాక మే," అన్నాడు.

నేను అనలేదు. కాయ పండుకొస్తోంది. ఇంకా మూడు తడులు కావాలి.

పది రోజులకు ఒడ్డునున్న చేపలవాళ్ల పాలెం నుంచి ఆడవాళ్లు వచ్చారు. పాలెమంతా తాగేది మా చేను పక్క దొరువు నీళ్లే. వాళ్లు వచ్చీ రాగానే ఇంజను గొట్టం మీద వరసగా కూర్చున్నారు. ఇంజను తిప్పే హ్యాండిల్ పట్టుకుని మా ఆయన నిలబడ్డాడు.

"లెయ్యండి. తోట ఎండిపోతుంది."

"మా నోళ్లు ఎండిపోతుండాయి నాయనా," అంది వాళ్లలో పెద్దామె. "నీ ఇంజను అడుగు దాకా తోడేస్తుండాది. పైనుండే మంచినీళ్లు పోయి ఉప్పు పైకొచ్చినాది."

"నా నీళ్లు బాగానే ఉండాయి. మీ దొరువుకేమైందో నాకేం తెలుసు?"

ఆమె లేచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "ఆ నీళ్లతోనే గదమ్మా నువ్వు వండేది. నువ్వు చెప్పు."

అందరూ నావైపే చూశారు, ఆయన కూడా.

"మావీ ఉప్పుగానే ఉండాయి. పది దినాలైంది," అన్నాను.

హ్యాండిల్ పట్టుకున్న ఆయన చెయ్యి పైకి లేచింది. కొడతాడనే అనుకున్నాను. హ్యాండిల్‌ను ఇసుకలోకి విసిరేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం తిరిగొచ్చి, అడుగు నీళ్లు అందకుండా గొట్టాన్ని పైకి లాగి కట్టాడు. పొద్దున గంటసేపే ఇంజను వేస్తానని పాలెం వెళ్లి చెప్పి వచ్చాడు. ఆ గంట నీళ్లతో ఎకరం నిలబడింది. మిగతా రెండెకరాలు మా కళ్లముందే మాడిపోయాయి. పాలెం ఆడవాళ్లు ఆ వేసవంతా ఎక్కడో దూరం నుంచి నీళ్లు మోసుకున్నారు. కార్తీకం వానలు పడ్డాక గానీ దొరువుల నీళ్లు మళ్లీ తియ్యగా కాలేదు.

అప్పటిదాకా ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు అన్నం తింటూ, "నువ్వు నోరు మూసుకోనుంటే పంట చేతికొచ్చుండేది," అన్నాడు.

"పై ఏటికి చేనే పొయ్యుండేది," అన్నాను.

ఆ ఏడు ఎకరమే వేశాం. అంతలో మాకు ఉత్తరాన ఉన్న చేలో ఇంకో రైతు ఇంజను దించాడు. దాని చప్పుడు మొదటిసారి వినపడగానే మా ఆయన కంచం ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని, గొట్టం లోతు గురించి అతనితో మాట్లాడటానికి గబగబా నడిచాడు.