నీ చెయ్యి యాడుంది?

హోసూరు ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్లో పడి నా జతగాడి వేళ్ళు రెండు పోయినాయి. సోమవారం నుంచి ఆ మిషను నాదే. ఆ దిగులుతోనే కృష్ణగిరి బస్సెక్కినాను.

పక్కన ఒక తాత చెనిక్కాయలు ఒక్కొక్కటే చూసి చూసి ఒలుస్తా ఉన్నాడు.

"ఏం తాతా, కాయకాయకీ పేరు పెడతా ఉండావా?"

"చెయ్యి చాపితే, చాపుతా ఉండానని తెలిసి చాపల్లప్పా. బుద్ధుడు చెప్పిన పాఠం."

"పాఠమా! నేను ఆరో క్లాసులోనే పారిపోయినోణ్ణి."

తాత నవ్వినాడు. "సరే, ఇప్పుడు నీ చెయ్యి యాడుంది?"

చూస్తే, ఆయన పొట్లంలో ఉంది. మాటల్లో పడి సగం నేనే తినేసినాను.

"తినప్పా," అని పొట్లం నా ఒళ్ళో పెట్టినాడు. "తెలిసి తిను."

తరవాత పన్నెండేళ్ళు ఆ మిషను కాడ "చాపుతా ఉండాను" అని గొణుక్కుంటానే చెయ్యి చాపినాను. సూపర్వైజరు నాకు భక్తి ముదిరిందనుకున్నాడు.