క్యాంపర్ మూతి బరువు

మా ఆయనకి నడుము ఆపరేషన్ అయ్యాక టెంట్‌లో నేల మీద పడుకోవడం కుదరలేదు. క్యాంపింగ్ మానేద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు, నిజానికి నేనూ ఒప్పుకోలేదు. అల్ఫారెట్టాలో మా ఇంటి వెనక వీధిలో ఉండే రిటైరైన టీచర్ తన చిన్న క్యాంపర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, అమ్మేస్తోందని తెలిసి వెళ్లి చూశాం. లోపల ముగ్గురం సర్దుకునేంత పరుపు, వెనక తలుపు పైకెత్తితే వంటగది. ఆయన ఆ పరుపు మీద కాసేపు నడుం వాల్చి లేచి, "తీసుకుందాం" అన్నాడు.

లాగడానికి మాకున్నది మినీవాన్ ఒక్కటే. ఆయన ఎక్కువ దూరం డ్రైవ్ చేయలేడు కాబట్టి లాగాల్సింది నేనే. అందుకే ఏ హిచ్ కొనాలో చూసే పని కూడా నేనే పెట్టుకున్నాను.

హిచ్ అంటే వ్యాన్ వెనక భాగంలో, అడుగున బిగించే ఉక్కు కడ్డీ. దాని చివర ఇనుప బంతి ఉంటుంది. క్యాంపర్ మూతి దాని మీద కూర్చుంటుంది. షాపులో సేల్స్‌మన్ అన్నింటికన్నా పెద్దది చూపించి, ఇది పెడితే ఎంత క్యాంపరైనా లాగొచ్చన్నాడు. ఇంటికొచ్చి వ్యాన్ మాన్యువల్ తెరిచాను. హిచ్ ఎంత బలంగా ఉన్నా, వ్యాన్ ఎంత లాగగలిగితే అంతే. పైగా లోపల కూర్చునే మనుషుల బరువు, సామాను బరువు కూడా చూసుకోవాలి. మా వ్యాన్‌కి సరిపడా తయారుచేసిన చిన్న హిచ్, క్యాంపర్ లైట్లకి వైరింగ్ ఆర్డర్ చేశాను. పేచీ వచ్చింది క్యాంపర్ బ్రేకుల్ని వ్యాన్‌లోంచి వేయించే బ్రేక్ కంట్రోలర్ దగ్గర.

"ఇంత చిన్నదానికి అదెందుకు? వ్యాన్ బ్రేకులు చాలవా?" అన్నాడాయన.

"క్యాంపర్‌కి దాని బ్రేకులున్నాయి. వాటిని వాడకపోతే మనం ఆగినప్పుడల్లా అది వెనకనుంచి తోస్తుంది."

"నీకు భయం ఎక్కువ."

"లాగేది నేను కదా. నా భయానికే కొందాం."

కొన్నాం. స్టీరింగ్ పక్కన చిన్న డబ్బాలా బిగించారు. దాని మీద ఒక మీట ఉంది. అది జరిపితే వ్యాన్‌తో పని లేకుండా క్యాంపర్ బ్రేకులు మాత్రమే పడతాయి.

ఒక శనివారం పొద్దున్నే ఉత్తరాన కొండలవైపు బయల్దేరాం. నీళ్ల క్యాన్లు, ఐస్ బాక్స్, స్టవ్, ఇనప పెనం అన్నీ వెనక వంటగదిలోనే సర్దాను. వంట సామాను వంటగదిలో పెట్టడం తప్పని ఎవరికి తోస్తుంది?

హైవే ఎక్కిన కాసేపటికి ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటింది. స్టీరింగ్ నా చేతుల్లో అటూ ఇటూ లాగింది.

"అమ్మా, క్యాంపర్ ఊగుతోంది," అంది మా అమ్మాయి, వెనక్కి తిరిగి చూస్తూ.

"బ్రేక్ వెయ్యి," అన్నాడాయన.

వేయలేదు. వ్యాన్ బ్రేక్ వేస్తే ఇంకా ఊగుతుందని చదివాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ఆ మీట మెల్లగా జరిపాను. క్యాంపర్ ఒక్కటే వెనక్కి బిగపట్టినట్టయి, ఇంకో రెండుసార్లు ఊగి తిన్నగా వచ్చింది. వెంటనే వచ్చిన ఎగ్జిట్ తీసుకుని గ్యాస్ స్టేషన్‌లో ఆపాను. దిగి ముందు హిచ్ చూశాను.

బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయి. క్యాంపర్‌ని హిచ్ నుంచి విప్పి మూతి పట్టుకుని ఎత్తాను. నా ఒక్కదానికే లేచింది. ఇంటి దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు కదలనైనా లేదు. బరువంతా తోకలో చేరి మూతి తేలిపోయింది, అందుకే ఊగిందన్నమాట. నేనూ మా అమ్మాయీ నీళ్ల క్యాన్లు, ఐస్ బాక్స్ తెచ్చి క్యాంపర్ లోపల ముందువైపు పెట్టాం. మళ్లీ ఎత్తబోతే లేవలేదు.

ఆయన కంట్రోలర్ వైపు వంగి, "ఎలా జరిపావో నాకూ చూపించు," అన్నాడు. చూపించాను. కుడి లేన్‌లోనే నెమ్మదిగా వెళ్లాం. ట్రక్కులు దాటుతూనే ఉన్నాయి, క్యాంపర్ బుద్ధిగా వెంట వచ్చింది.

క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని రివర్స్ చేసి మా స్థలంలో పెట్టడం మాత్రం నా వల్ల కాలేదు. నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. పక్క స్థలంలో దిగినావిడ కాసేపు చూసి, కాఫీ కప్పు కింద పెట్టి వచ్చి, చేతులూపుతూ దారి చూపించింది. చివరికి క్యాంపర్ వంకరగానే నిలబడింది. అలాగే వదిలేసి స్టవ్ వెలిగించాం.