పదకొండు అంశాల జీపు

ముప్పై నాలుగేళ్లు మిషను హైస్కూల్లో లెక్కలు చెప్పాను. అందులో చివరి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను. సైకిలు మీద మొదలైన ఉద్యోగం స్కూటరు మీద ముగిసింది. నాలుగు చక్రాల వాహనం అవసరమని నేనెన్నడూ భావించలేదు. డెబ్బై ఒకటో ఏట ఆ అవసరం మా వదినగారి వలన కలిగింది.

వదినగారంటే నా భార్యకు అక్క. ఆవిడా ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసినవారే. భర్త పోయిన తరువాత కాలువ గట్టు వెంట, మా ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో, చేపల చెరువుల నడుమ మిగిలిన ఒక చిన్న ఊళ్లో ఉంటున్నారు. చూపు బాగా మందగించింది. మా ఇంటికి వచ్చి ఉండమంటే అంగీకరించరు. "మీ ఇంట్లో అన్నిటికీ టైముంటుంది మరిదిగారూ. నాకు పడదు" అని నాతోనే అన్నారు. అందుచేత నా భార్య రోజూ పది గంటలకు ఆటోలో వెళ్లి, అక్కగారికి తల దువ్వి, దినపత్రికను మొదటి పేజీ నుంచి మరణవార్తల వరకు చదివి వినిపించి, ఏదో ఒక విషయం మీద ఆవిడతో పోట్లాడి, ఒంటిగంటకు తిరిగి వచ్చేది.

వానాకాలంలో ఆ గట్టు మీదికి ఆటో రాదు. అది నల్లరేగడి. చెరువులకు మేత తెచ్చే లారీలు దాన్ని దుక్కి దున్నినట్లు చేసి వదిలిపెడతాయి. నిరుడు వానల్లో నా భార్య వరుసగా తొమ్మిది రోజులు వెళ్లలేకపోయింది. తొమ్మిదో రోజున వదినగారు పెరట్లో జారిపడి, ఉదయం నుంచి సాయంత్రం పాలమనిషి వచ్చేవరకు అక్కడే పడి ఉన్నారు. ఫోను లోపల మంచం మీద రోజంతా మోగుతూనే ఉంది. మోగించింది నా భార్య.

ఎముకలేమీ విరగలేదు. "తడుస్తూ కీర్తనలు పాడుకున్నానులేవే. నాలుగు చరణాలు మర్చిపోయాను, అంతే" అని వదినగారు తేల్చేశారు. నా భార్య నవ్వలేదు. ఇంటికి వచ్చి నాతో ఒక్కటే మాట చెప్పింది.

"వచ్చే వానల్లో ఒక్క రోజు కూడా మాననండీ. నడిచైనా వెళ్తాను."

మా ఇంటి ముందరి మూడు మెట్లు ఎక్కడానికే ఆమె మోకాళ్లు నా భుజాన్ని ఆసరా అడుగుతాయి. స్కూటరు వెనుక కూర్చోవడం మానేసి నాలుగేళ్లయింది. అయినప్పటికీ ఆమె అన్న పని చేసే మనిషి. కనుక వానలు వచ్చేలోగా నేను కారు లైసెన్సు తీసుకుని, ఒక బండి సంపాదించక తప్పలేదు.

అది భీమవరం వైపు ఒక ఐసు ఫ్యాక్టరీ వెనుక కొబ్బరి చెట్టు క్రింద దొరికింది. జీపు. నాలుగు చక్రాలూ లాగే రకం. ఒకప్పుడు రొయ్యల చెరువులకు మంచు దిమ్మలు మోసేదట. ఆ పని మానేసిన తరువాత దానిలో కోళ్లు కాపురం పెట్టాయి. రిజిస్ట్రేషను గడువు ఇంకా మూడేళ్లుంది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సక్రమంగా ఉన్నవి అవి మాత్రమే. నా దగ్గర ఉన్న సొమ్ముకు అంతకంటె మంచిది రాదు గనుక తీసుకున్నాను.

ఫ్యాక్టరీ యజమాని ఏమీ బేరమాడలేదు. ఆయన తల్లి మాత్రం కర్ర పట్టుకుని వచ్చి అడ్డం నిలబడింది.

"మా కోడి గుడ్లు పెట్టుకునే చోటు మీరు కొనేశారు. మరి కోడి ఎక్కడికెళ్లాలండి మాస్టారూ?"

ఆమె ప్రశ్న న్యాయమైనదే. వెనుక సీటు విప్పించి ఆమెకు అప్పగించాను. కోడి అదే సీటు మీద నేటికీ తన విధి నిర్వర్తిస్తున్నది.

ఫ్యాక్టరీ ప్రక్కనే మెకానిక్కు షెడ్డు ఉంది. అతను నా పూర్వవిద్యార్థి. ఇప్పుడు యాభై దాటాయి. చెరువుల్లో నీటిని చిలికే ఏరియేటర్ల మోటార్లు, పడవల ఇంజన్లు, అప్పుడప్పుడూ జీపులు బాగుచేస్తాడు. నన్ను చూడగానే చేతిలోని స్పానరు వెనక్కి దాచి లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్ల క్రితం చింతకాయ దాచిన తీరు అదే.

నేను ఫుల్‌స్కేపు కాగితం మీద పని జాబితా సిద్ధం చేసి తీసుకువెళ్లాను. ఒకటి, కాగితాలు. రెండు, ఇంజను. మూడు, గేర్లు. నాలుగు, బ్రేకులు. ఐదు, వైర్లు, దీపాలు. ఆరు, టైర్లు. ఏడు, సొట్టలు తీసి రంగు. ఎనిమిది, సీట్లు. తొమ్మిది, టాపు. పది, అడుగున పరిచిన రబ్బరు చాపలు మార్చుట. పదకొండు, సెల్ఫ్ స్టార్టరు. ఒక అంశం పూర్తయి నేను ఎర్ర సిరాతో టిక్కు పెట్టిన తరువాతనే రెండవది మొదలు పెట్టవలెనని క్రింద గీత గీసి వ్రాశాను. కొత్త సామాను కొనడానికి ముందు పాతది ప్రయత్నించవలెనని కూడా వ్రాశాను. ఆ కాగితాన్ని షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించాడు.

"ఆయ్, మీరు చెప్పినట్టేనండి" అన్నాడు.

ఇది ఫిబ్రవరి మాట. జూన్‌లో కాలువలకు నీరు వదులుతారు. ఆ వెనుకనే వానలు. నాలుగు నెలలు నాకు విస్తారంగా కనిపించాయి.

ఇంజను అతను మార్చి నెలాఖరుకు బ్రతికించాడు. మొదటిసారి మ్రోగినప్పుడు ఫ్యాక్టరీలో మంచు దిమ్మలు దించుతున్న నలుగురు బయటికి పరుగెత్తుకు వచ్చారు. టిక్కు పెట్టాను. బ్రేకులు నేనే స్వయంగా మూడుసార్లు తొక్కి చూసి టిక్కు పెట్టాను. ఆ నడుమ ఒకనాడు అతను చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు.

"మాస్టారండీ, ఒక్కసారి ఆ చాప ఎత్తి చూస్తారేంటండి?"

"చాపలు ఎన్నో అంశం?"

"పదోదండి."

"ఇప్పుడు మనం ఎక్కడున్నాం?"

"ఐదులో ఉన్నామండి."

"అయితే వైర్లు చూడు."

"అలాగేనండి."

తరువాత మరొకసారి కూడా అడిగాడు. అప్పుడు మేము ఏడులో ఉన్నాము. ఆకుపచ్చ సైనికుల రంగు పౌరుల బండ్లకు వేయరాదు గనుక బూడిద రంగు నిర్ణయించాను. మే నెల ఎండలో అతను ఆ రంగు రెండు పూతలు వేశాడు. సామాన్యంగా నేను ఎవరినీ మెచ్చుకోను. ఆ రోజు "ఫరవాలేదు" అన్నాను. అతను తల వంచుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

పదవ అంశం జూన్ మొదటి వారంలో వచ్చింది. ముందు సీటు ప్రక్కనున్న రబ్బరు చాప అతను ఎత్తాడు. చాప క్రింద జీపు లేదు. షెడ్డులోని మట్టి ఉంది. ఆ మట్టి మీద, వారం రోజులుగా నేను వెతుకుతున్న నా పెన్ను ఉంది. మంచు దిమ్మల నుంచి ఏళ్ల తరబడి కారిన నీళ్లు అడుగు రేకును తినివేశాయి.

"ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"మీరు కొన్న రోజు నుంచేనండి. అంతకు ముందు నుంచీ కూడానండి."

"నీకు తెలుసా?"

"తెలుసండి. మొదటి రోజే వేలు పెట్టానండి. దిగిపోయిందండి."

"ఇప్పుడు వెల్డింగు చేస్తే తలుపుల మీద రంగు మిగులుతుందా?"

"మిగలదండి. కాలిపోద్దండి."

"తెలిసీ రంగు ఎందుకు వేశావు?"

అతను గోడ మీది కాగితం వైపు చూశాడు.

"రంగు ఏడోదండి. అడుగు రేకు అసలు ఈ కాగితంలో లేనే లేదు కదండి. అడగని దానికి జవాబు రాస్తే కొట్టేసేవోరు కదండి మీరు. వరస తప్పినా కొట్టేసేవోరు."

కోడిగుడ్ల కోసం షెడ్డు వైపు వచ్చిన ముసలామె, ఫ్యాక్టరీ యజమాని తల్లి, ఇదంతా వింటున్నది. "ఏరా, మాస్టారి మాట విన్నావు గానీ బండి మాట విన్నావా?" అని అతన్ని అడిగింది. అడగవలసినది నన్ను. పెద్దవాణ్ణని అతన్ని అడిగింది.

అతను చెప్పినది వాస్తవం. తొమ్మిదవ తరగతి వార్షిక పరీక్షలో అతను తనకు వచ్చిన లెక్కలు ముందు చేసి, రానివి చివర వదిలిపెట్టాడు. జవాబులు ప్రశ్నల వరుసలోనే ఉండవలెనని నా నిబంధన. వరుస తప్పినవి కొట్టివేశాను. అవి సరైన జవాబులే. వాటికి మార్కులు కలిపి ఉంటే అతను పదవ తరగతిలోకి వెళ్లేవాడని ఆ రోజున కూడా నాకు తెలుసు. మరుసటి సంవత్సరం అతను బడికి రాలేదు. ఈ విషయం నేను ఎవరితోనూ ప్రస్తావించలేదు, ఎవరూ నన్ను అడగనూ లేదు.

ఇంటికి వెళ్లేసరికి నా భార్య వీధి అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తున్నది. పడమర నల్లగా ఉంది.

"బండి ఎంతవరకు వచ్చిందండీ?"

"పదో అంశం."

"అంకె కాదండీ నేనడిగింది. వస్తుందా, రాదా? రాదంటే చెప్పెయ్యండి. చెప్పులు కుట్టించుకుంటాను."

మరునాడు ఉదయం షెడ్డుకు వెళ్లి, గోడ మీది కాగితం తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. తరువాత అతన్ని ఒక ప్రశ్న అడిగాను. జవాబు తెలియకుండా ఒక విద్యార్థిని నేను ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"ఏది ముందు చెయ్యాలి?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనుక ఎవరూ లేరు.

"నన్నాండి?"

"నిన్నే."

అతను స్పానరు క్రింద పెట్టాడు. "కొత్త రేకు వద్దండి. ఖరీదు, పైగా మళ్లీ తుప్పండి. అడ్డంగా నాలుగు ఇనప కమ్ములు వెల్డింగు చేసి, పైన పాత పడవ చెక్కలు బోల్టులేసి బిగించేద్దామండి. అడుగున తారు పూసేద్దామండి, పడవకి పూసినట్టు. నీళ్లలో ముప్పై ఏళ్లున్న చెక్కండీ అది, బురదకి భయపడదు. రంగు అలాగే వదిలేద్దామండి. సెల్ఫు వానలు వెలిశాక చూద్దాం."

సెల్ఫు లేనిదే తాళం త్రిప్పినంత మాత్రాన ఇంజను అందుకోదు. బండిని తోయాలి. "ఎవరు తోస్తారు?" అని అడిగాను.

"పల్లంలో పెట్టుకుంటే ఎవరూ అక్కర్లేదండి. వదిలేస్తే అదే జారి అందుకుంటుందండి."

మా ప్రాంతం పళ్లెం వంటిది. పల్లం కావాలంటే కాలువ వంతెన ఎక్కాలి. అదృష్టవశాత్తూ మా ఇల్లు వంతెనకు దగ్గరే.

అతను అయిదు రోజుల్లో పని ముగించాడు. ఏ పని తరువాత ఏ పని చేస్తున్నాడో నాకు బోధపడలేదు. ఒకేసారి మూడు పనులు సగం సగం సాగుతుండేవి. నేను ముసలామె ఇచ్చిన కుర్చీలో కూర్చుని, అడిగినప్పుడు టార్చి పట్టుకున్నాను. ఆరవ రోజు ఉదయం వాన మొదలైంది. తొమ్మిదిన్నరకు అతను జీపును తెచ్చి వంతెన వాలులో, మా ఇంటివైపు ముక్కు పెట్టి, చక్రాల క్రింద రాళ్లు వేసి నిలిపాడు.

నా భార్య గొడుగు వేసుకుని వంతెన దాకా మెల్లగా నడిచి వచ్చింది. తలుపుల క్రింది భాగంలో రంగు కాలి, నల్లగా, బొబ్బలెక్కి ఉంది.

"తలుపుకి ఏమైందండీ?"

"వెల్డింగు."

"మూసుకుంటుందా?"

"మూసుకుంటుంది."

"అయితే పదండి, టైమవుతోంది."

ఆమె ఎక్కే వైపు తలుపు క్రింద ఒక మెట్టు ఉంది. పాడైన ఏరియేటరు చట్రం కోసి, జానెడు ఎత్తున బిగించిన ఇనుప మెట్టు. ప్రక్కన పట్టుకోవడానికి కమ్మీ. జాబితాలో మెట్టు లేదు. ఒకసారి ఆమె షెడ్డుకు వచ్చినప్పుడు మోకాళ్లతో పడుతున్న అవస్థ అతను చూసి ఉంటాడు. ఆమె కమ్మీ పట్టుకుని, మెట్టు మీద కాలు పెట్టి, నా భుజం అడగకుండా ఎక్కి కూర్చుంది. కాళ్ల క్రింద పడవ చెక్కలు తారు వాసన వేస్తున్నాయి.

"మెట్టు నేను అడగలేదే?" అన్నాను.

"ఆయ్, అడగలేదండి" అని అతను వానలోనే నిలబడి ఒప్పుకున్నాడు. "తీసెయ్యమంటారాండి?"

"అవసరం లేదు" అన్నాను. అది చాలదని తోచి, "సరైనదే" అని కూడా అన్నాను.

అతను రాళ్లు తీశాడు. జీపు జారి, వంతెన దిగేలోపల ఇంజను అందుకుంది. వెనుక నుంచి అతను కేక వేశాడు: "అక్కడ ఇంజను కట్టెయ్యకండి మాస్టారూ! అక్కడ పల్లం లేదండి!"

గట్టు మీద రెండుచోట్ల చక్రాలు కూరుకుపోయాయి. చిన్న గేరు కడ్డీని అతను నేర్పినట్లు లాగాను. నాలుగు చక్రాలూ కదిలి మమ్మల్ని బయటపడవేశాయి. నా భార్య ఒక చేత్తో కమ్మీని, మరొక చేత్తో దినపత్రికను దారిపొడవునా పట్టుకునే ఉంది.

వదినగారు వరండాలో కూర్చుని ఉన్నారు. జడ విప్పి, దువ్వెన ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఎవరిదా ట్రాక్టరు?"

"మనదేనే అక్కా. జీపు."

"జీపైతే ఇంత ఆలస్యమా? పదీ ఇరవై అయ్యుంటుంది. ఏమండీ మరిదిగారూ, మీ ఇంట్లో టైము పోయిందేంటి?"

ఇంజను ఆపకూడదు గనుక నేను దిగలేదు. ఆ వానాకాలం పొడవునా ప్రతిదినం, రెండు మూడు లీటర్ల డీజిలు వృథా అవుతుండగా, ఆ ఇంటి ముందు జీపులో కూర్చోవడం నా దినచర్య అయింది. సెల్ఫు ఇంకా బాగుచేయించలేదు. ఆ మొదటి రోజున ఇంజను చప్పుడు వెనుక నుంచి వరండాలోని మాటలు కొంతవరకు వినిపించాయి.

"పాపిడి వంకరగా తీశావే."

"నీకు కనపడదు కదే, ఎలా తెలిసింది?"

"నువ్వు తీస్తే వంకరే. నిరుడు వానల్లోనూ వంకరే."

"ఆ వానల్లో తొమ్మిది రోజులు నేను రానే లేదు కదే."

"అందుకే చెబుతున్నా. చదువు, ఎవరు పోయారో చూడు."